జ్వరం రాకపోయినా సెలవు పెట్టవచ్చు

సెలవు అడుగుతూ వచ్చే సందేశాలను ఏళ్ల తరబడి చూస్తూ వచ్చాను. కొంతకాలం ఒక బృందానికి సెలవులు మంజూరు చేసే బాధ్యత నాదే. వాటిలో జ్వరం ఉంటుంది, తలనొప్పి ఉంటుంది, కడుపునొప్పి ఉంటుంది, ఇంట్లో పగిలిన నీటి పైపు ఉంటుంది, ఉన్నట్టుండి దిగబడిన బంధువులు ఉంటారు. "నిద్ర పట్టడం లేదు, ఎవరితోనూ మాట్లాడాలనిపించడం లేదు, ఈ ఒక్క రోజు నన్ను వదిలేయండి" అని రాసిన సందేశం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఆ మాట రాయవలసినవాళ్లు లేక కాదు. మెట్ల మలుపు దగ్గర ఎవరికీ కనబడకుండా నిలబడి, కళ్లు తుడుచుకుని, ముఖం సర్దుకుని మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నవాళ్లను చూశాను. వాళ్లే మర్నాడు సెలవు పెడితే కారణం దగ్గర రాసేది జ్వరమని.

నేను చెప్పదలచుకున్నది ఇది. మనసు అలసిపోయినప్పుడు ఒక రోజు పూర్తిగా పని మానేయాలి. పడిపోయే దాకా ఆగకుండా ముందే మానేయాలి. అబద్ధం చెప్పకుండా మానేయాలి. ఆ రోజును తీసుకెళ్లి మరో పనికి అప్పగించకూడదు. వినడానికి ఇవి తేలిక మాటలు. ఆచరణలో ఒక్కోదానికి ఒక్కో అడ్డు వస్తుంది, అన్నిటికంటే పెద్ద అడ్డు మనలోనే ఉంటుంది.

ముందు ఆ అబద్ధం సంగతి చూద్దాం. జ్వరమని చెప్పి సెలవు పెట్టినవారు రోజంతా జ్వరం వచ్చినట్టే ఉండాలి. కాసేపు అలా వీధిలోకి వెళ్లి నడుద్దామంటే ఎవరైనా చూస్తారేమోనని జంకు. ఫోను మోగితే గొంతులో నీరసం తెచ్చుకోవాలి. "తగ్గిందా?" అని సహోద్యోగి మంచి మనసుతో అడిగితే, ఆ మంచితనానికి జవాబుగా ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. విశ్రాంతి కోసం తీసుకున్న రోజు కాస్తా చెప్పిన కథకు కాపలా కాయడంలో గడిచిపోతుంది. దీనివల్ల మరో నష్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. హాజరు పట్టికలో జ్వరాలు, కడుపునొప్పులే మిగులుతాయి. పనిభారంతో ఒక విభాగమంతా కుంగిపోతున్నా ఆ సంగతి కాగితం మీదికి రాదు. కాగితం మీద లేని కష్టానికి యాజమాన్యం దగ్గర పరిష్కారమూ ఉండదు.

అలాగని ప్రతి ఒక్కరూ గుండె విప్పి చెప్పేయాలని నేను అనను. నిజం చెప్పినవారిని బలహీనులుగా ముద్రవేసి, పదోన్నతి వేళ ఆ మాటను గుర్తుపెట్టుకునే చోట్లు చాలా ఉన్నాయి. అటువంటి చోట "వ్యక్తిగత కారణం" అన్న రెండు మాటలు చాలు. అవి అబద్ధం కావు, అంతకుమించి వివరణ ఇవ్వవలసిన అవసరమూ లేదు. నిజాన్ని దాచుకోవడం వేరు, లేని జబ్బును కల్పించడం వేరు. మొదటిదానికి రోజంతా కాపలా అక్కర్లేదు.

"ఇదంతా మనసుకు సంబంధించినదే కదా, కాస్త గట్టిగా ఉంటే సర్దుకుంటుంది" అనే మాట చాలామంది నోట విన్నాను. గట్టిగా ఉండీ ఉండీ ఇక్కడిదాకా వచ్చినవాళ్లతో ఆ మాట అంటారు. ఒత్తిడి ఒంటిని తాకకుండా తలలోనే ఉండిపోదని తేలి ఎంతో కాలమైంది. 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ ప్రచురించాడు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరిచినా, శక్తికి మించి శ్రమ పెట్టినా, హాని చేసే మోతాదులో మందులిచ్చినా వాటి ఒంట్లో ఒకే తరహా మార్పులు కనబడ్డాయని అందులో రాశాడు. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. ఇదంతా మూడు దశల్లో సాగింది. మొదట ప్రమాదాన్ని పసిగట్టి ఒళ్లంతా ఉలిక్కిపడే దశ. ఆ తర్వాత తట్టుకునే దశ. హాని ఆగకుండా సాగితే చివరికి శక్తి హరించుకుపోయే దశ. ఈ మూడింటిలో నన్ను భయపెట్టేది రెండోది. తట్టుకుంటున్న ఎలుకల అవయవాలు ఇంచుమించు మామూలు స్థితికి వచ్చినట్టు కనబడ్డాయి. ఎంత పని మీద పడేసినా ముఖం చిట్లించడని పేరు తెచ్చుకున్న ఉద్యోగి చాలాసార్లు ఉండేది ఆ దశలోనే. చూసేవాళ్లు బాగానే ఉన్నాడనుకుంటారు. అతనూ అలాగే అనుకుంటాడు.

ఈ లోలోపలి అరుగుదలకు 1993లో బ్రూస్ మెక్‌యూయెన్, ఇలియట్ స్టెల్లార్ అనే పరిశోధకులు 'అలోస్టాటిక్ లోడ్' అని పేరు పెట్టారు. ఆపద ముంచుకొచ్చినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు మనకు మేలే చేస్తాయి. గుండె వేగం పెంచుతాయి, కండరాలకు శక్తి అందిస్తాయి, చూపును చేస్తున్న పని మీద నిలుపుతాయి. ఆపద గడిచాక అవి తగ్గిపోవాలి. తగ్గే సందే ఇవ్వకుండా గడువు వెనుక గడువు తరుముతుంటే, మనల్ని కాపాడవలసిన ఆ ఏర్పాటే రక్తపోటును, నిద్రను, జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది. డచ్ పరిశోధకులు మైమన్, ముల్డర్ 1998లో ఇదే విషయాన్ని రోజువారీ పనికి అన్వయించి చెప్పారు. పని చేస్తే ఒంటి మీదా మనసు మీదా కొంత బరువు పడుతుంది, పని ఆగితే ఆ బరువు దిగుతుంది. పూర్తిగా దిగకముందే మళ్లీ పనిలోకి దిగితే, నిన్న సునాయాసంగా చేసినదానికే ఇవాళ ఎక్కువ ప్రయాస పడాలి. ఆ అదనపు ప్రయాస రేపటి అలసటను ఇంకా పెంచుతుంది. ఈ వరుస తెగాలంటే ఎక్కడో ఒకచోట పని ఆగవలసిందే.

పడిపోకముందే అని నేను పట్టుబట్టేది ఇందుకే. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే కాలిన మంట పోదు. అయితే ముందే ఎలా తెలుస్తుంది? ఒంటి వేడి చూడటానికి థర్మామీటరు ఉంది, దీనికి అలాంటి పరికరమేదీ లేదు. కానీ గుర్తులు ఉంటాయి, అవి చాలా చిన్నవిగా ఉంటాయి. ఒకే మెయిల్‌ను మళ్లీ మళ్లీ చదువుతారు, విషయం తలకెక్కదు. అల్మారా తలుపు తీసి, దేనికోసం తీశారో గుర్తురాక అలాగే నిలబడిపోతారు. ఎప్పుడూ ఇష్టంగా మాట్లాడే స్నేహితుడి పేరు ఫోనులో కనబడితే మోగనిచ్చి ఊరుకుంటారు. పిల్లలు అడిగిన చిన్న ప్రశ్నకు పెద్ద గొంతుతో జవాబిస్తారు. ఒళ్లు వాలిపోతున్నా పడుకోరు, పగలంతా తమకంటూ దక్కని గంటను అర్ధరాత్రి ఫోను వెలుగులో వెతుక్కుంటారు. నా మటుకు నాకు ఈ సంగతి చెప్పేది మంచం పక్కనున్న పుస్తకం. రోజులు గడుస్తున్నా గుర్తు పెట్టిన పేజీ మారడం లేదంటే ఇక ఆగవలసిన వేళ వచ్చిందని నేను తెలుసుకుంటాను. మీ గుర్తు మరొకటి కావచ్చు. అదేమిటో మీకంటే ముందు మీ ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటుంది, ఒకసారి అడిగి చూడండి.

"వారానికొక సెలవు ఉంది కదా, మళ్లీ ఇదెందుకు?" అంటారు. ఆ వారపు సెలవు ఊరికే రాలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టిన ఏడాదే పరిశ్రమల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని ఉండకూడదని మొదటి ఒప్పందం చేసింది. 1921లో, పరిశ్రమల్లో పనిచేసేవారికి ప్రతి 7 రోజుల్లో కనీసం 24 గంటలు ఎడతెగని విశ్రాంతి ఉండాలని మరో ఒప్పందం చేసింది. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను మనిషి హక్కుల్లో చేర్చింది. వీటి వెనుక ఎన్నో పోరాటాలు ఉన్నాయి, వాటి మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అందుకే అడుగుతున్నాను, ఇప్పుడు మనం గడుపుతున్న వారపు సెలవులో ఎడతెగకుండా దొరికేది ఏపాటి? ఆరు రోజులు పక్కకు నెట్టిన ఇంటిపనులన్నీ ఆ రోజు మీదే పడతాయి. ఉతకవలసినవి, సర్దవలసినవి, కట్టవలసిన బిల్లులు, వెళ్లకపోతే బాగుండని చోట్లకు వెళ్లడాలు. మధ్యలో ఆఫీసు గ్రూపులో "ఒక్క చిన్న సందేహం" అంటూ ఒక సందేశం. ఇంట్లో పనంతా ఒకే మనిషి నెత్తిన ఉన్న చోట ఆ రోజు మామూలు రోజుకంటే బరువుగా ఉంటుంది. అది అవసరమైన రోజే కావచ్చు. విశ్రాంతి దినం మాత్రం కాదు.

ఇంకొందరి వాదన కాస్త పదునుగా ఉంటుంది. ఒక రోజు సెలవు వల్ల ఒరిగేదేమీ లేదని, రెండ్రోజుల్లో మళ్లీ మొదటికే వస్తారని వాళ్లంటారు. అందులో కొంత నిజముంది. మీనా వెస్ట్‌మన్, డోవ్ ఈడెన్ అనే పరిశోధకులు గుమాస్తాల మీద జరిపిన ఒక అధ్యయనాన్ని 1997లో ప్రచురించారు. సెలవుల్లో ఉన్నప్పుడు వాళ్ల అలసట బాగా తగ్గింది. పనిలో చేరిన మూడో రోజుకే కొంత తిరిగివచ్చింది, మూడు వారాలు గడిచేసరికి సెలవుకు ముందున్న స్థాయికి చేరిపోయింది. సెలవు దండగ అనేవాళ్లకు ఇది ఆయుధంలా కనబడవచ్చు. నేను దీన్ని మరోలా చదువుతాను. పెద్ద సెలవు ఇచ్చిన ఊరట కూడా కొన్ని వారాలే నిలుస్తుందంటే, ఏడాదికొకసారి వచ్చే ఆ పెద్ద సెలవు మీదే ఆశలన్నీ పెట్టుకుని మిగతా నెలలన్నీ పళ్లబిగువున నెట్టుకురావడం తెలివైన పద్ధతి కాదు. ఊరట కరిగిపోయేదే అయినప్పుడు దాన్ని తరచుగా, కొద్దికొద్దిగా తీసుకోవాలి. రాత్రి పడుకున్న నిద్ర మర్నాటి సాయంత్రానికి చాలకపోయిందని నిద్ర దండగని ఎవరూ అనరు.

సరే, సెలవు దొరికిందనుకుందాం. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది, ఎందుకో చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. పనికి వెళ్లకపోవడం, పని తలలోంచి వెళ్లిపోవడం ఒకటి కావు. సబీన్ సొనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ 2007లో మనిషి తేరుకోవడానికి తోడ్పడే అనుభవాలను నాలుగుగా గుర్తించారు: మనసు పని నుంచి విడివడటం, ఒళ్లు సేదతీరడం, పనికి సంబంధం లేనిది ఒకటి నేర్చుకోవడం లేదా సాధించడం, ఆ సమయం తన చేతుల్లో ఉందన్న భావన కలగడం. నాలుగూ విలువైనవే. నన్ను అడిగితే మొదటిది లేకపోతే తక్కినవి నిలవవు. సముద్రపు ఒడ్డున కూర్చుని కూడా రేపటి సమావేశంలో ఎవరికి ఏం చెప్పాలో మనసులో వల్లెవేస్తుంటే, ఆ ఒడ్డు వల్ల ప్రయోజనం లేదు.

విడివడటానికి ఏర్పాటు ముందురోజు సాయంత్రమే చేసుకోవాలి. తెమలని పనులు మనసులో తిరుగుతూనే ఉంటాయని అందరికీ అనుభవమే. మాసికాంపో, బౌమైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒక మంచి సంగతి బయటపడింది. పూర్తికాని పని మనల్ని ఇతర పనుల మధ్య సతాయిస్తుంది. అయితే దాన్ని ఎప్పుడు, ఎలా చేయబోతున్నామో స్పష్టంగా అనుకుంటే, పని అలాగే ఉన్నా ఆ సతాయింపు ఆగిపోతుంది. కాబట్టి సెలవుకు ముందు సాయంత్రం ఒక కాగితం తీసుకుని మిగిలిన పనులన్నీ రాయండి. ఉట్టి పేర్లు రాస్తే చాలదు. "నివేదిక" అని రాస్తే అది రాత్రంతా వెంటపడుతుంది. "గురువారం ఉదయం రాగానే నివేదికలో మూడో పట్టిక సరిచూడాలి" అని రాస్తే అది గురువారం దాకా ఆగుతుంది. ఆ కాగితాన్ని బల్ల సొరుగులో పెట్టి రండి, ఇంటికి తేవద్దు. మీరు లేనప్పుడు ఏదైనా అత్యవసరమైతే ఎవరిని అడగాలో సహోద్యోగులకు ఒక వాక్యంలో చెప్పండి. ఆ పేరు మీది కాకూడదు.

ఇక ఆ రోజు ఉదయం. అలారం పెట్టకపోయినా రోజూ లేచే వేళకే మెలకువ వస్తుంది. కళ్లు పూర్తిగా తెరవకముందే చెయ్యి తలగడ పక్కకు వెళుతుంది. అక్కడ ఫోను ఉంటే రోజు అక్కడితో సరి, తెర మీద ఎర్ర చుక్క పక్కన అంకె కనబడిన క్షణం నుంచి మీరు మళ్లీ పనిలో ఉన్నట్టే. ఆ ఉదయం నా ఫోను మరో గదిలో ఉంటుంది. అయినా చెయ్యి వెతుకుతుంది. ఆఫీసు తెరిచే వేళకు గుండెలో చిన్న అలజడి మొదలవుతుంది, ఏదో పరీక్షకు ఆలస్యమైనట్టు. కాసేపటికి అపరాధభావం వస్తుంది: వాళ్లంతా పనిచేస్తున్నారు, నువ్వు కిటికీ దగ్గర కూర్చున్నావు. మొదటి పూటంతా ఇలాగే ఉంటుందని ముందే తెలిసి ఉండటం మంచిది. తెలియనివాళ్లు ఆ అలజడిని చూసి, సెలవు తమకు పడదని తేల్చేసి, లేచి కంప్యూటర్ తెరుస్తారు. నిజానికది వేగంగా తిరుగుతున్నది నెమ్మదించే వేళ వచ్చే కుదుపు. దాన్ని కదిలించకుండా వదిలేస్తే మధ్యాహ్నానికి దానంతటదే సద్దుమణుగుతుంది. అప్పుడొక వింత జరుగుతుంది. గోడ మీద ఎండ ఏ మూల నుంచి ఏ మూలకు జరిగిందో కనబడుతుంది. పక్కింట్లో ఎవరో తలుపు వేసిన చప్పుడు వినబడుతుంది. ఇవి రోజూ ఉన్నవే, వాటికి చోటిచ్చే ఖాళీ మనలో లేకపోయింది.

ఆ ఖాళీని నింపేయాలన్న తహతహే ఈ రోజుకు పెద్ద శత్రువు. ఎలాగూ ఇంట్లోనే ఉన్నాం కదా, ఆ బ్యాంకు పని చూసేద్దాం, ఆ అటక సర్దేద్దాం, పళ్ల డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొద్దాం అనిపిస్తుంది. సాయంత్రానికి ఎన్నో పనులు తెమిలి ఉంటాయి, మనిషి మాత్రం నిన్నటికంటే అలసి ఉంటాడు. వాటికి వేరే సెలవు పెట్టండి, లేదా అవి ఆగనివ్వండి. ఇదే తహతహ ఇప్పుడు మంచి బట్టలు వేసుకుని కూడా వస్తోంది. విశ్రాంతి దినానికీ ఒక కార్యక్రమం తయారు చేస్తారు: వేకువన ధ్యానం, తర్వాత వ్యాయామం, తర్వాత డైరీ, తర్వాత స్ఫూర్తిదాయకమైన పుస్తకం. ధ్యానం మంచిదే, వ్యాయామం ఇంకా మంచిది. కానీ గంట గంటకూ టిక్కు పెట్టుకుంటూ విశ్రాంతి తీసుకుంటే అది మరో ఉద్యోగమే. ఆ రోజు ఏం చేశావని అడిగితే చెప్పడానికి ఏమీ లేకపోవడం నాకు సంతోషంగా ఉంటుంది.

అయితే ఖాళీ అందరికీ ఒకేలా పనిచేయదు. ఆలోచనలు చుట్టూ చుట్టూ తిరుగుతూ పాత గాయాలనే కెలికే స్వభావం ఉన్నవారికి, మూసిన గదిలో ఒంటరిగా గడిపే రోజు మేలు కంటే కీడే చేయవచ్చు. వాళ్లు బయటికి వెళ్లి నడవాలి, చేతులతో చేసే పనేదైనా పట్టుకోవాలి, ప్రశ్నలు వేయని మనిషి పక్కన కూర్చోవాలి. నిద్ర విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. కరువు తీరా పడుకోవాలని మిట్టమధ్యాహ్నం దాకా మంచం దిగకపోతే ఆ రాత్రి నిద్ర చెదురుతుంది. పనిరోజుల్లో, సెలవుల్లో నిద్రవేళలు చాలా తేడాగా ఉంటే శరీర గడియారం తికమకపడుతుందని టిల్ రోన్నెబర్గ్ బృందం 2006లో చెప్పి, దాన్ని 'సోషల్ జెట్‌ల్యాగ్' అని పిలిచింది. గంటో, గంటన్నరో ఎక్కువ పడుకుని, మిగిలింది మధ్యాహ్నం ఒక చిన్న కునుకుతో తీర్చుకోవడం నయం.

"నువ్వు సెలవు పెడితే నీ పని మేం మోయాలి" అనే సహోద్యోగి మాటలో న్యాయముంది, దాన్ని నేను కొట్టిపారేయను. కాకపోతే ఆ కోపం వెళ్లవలసిన చోటు వేరు. ఒక్క మనిషి ఒక్క రోజు రాకపోతే మొత్తం కుప్పకూలే ఏర్పాటులో మనుషులు తక్కువగా ఉన్నారని అర్థం. రేపు ఆ మనిషికి నిజంగానే ఆపరేషన్ అయితే ఏం చేస్తారు? రానివారిని తప్పుపట్టే బదులు ఆ ప్రశ్న పైవారిని అడగాలి. పైగా అలసి వచ్చి కుర్చీలో కూర్చున్న మనిషి పని కూడా ఎవరో ఒకరు మోస్తూనే ఉంటారు. ఆ తప్పులు దిద్దడం, ఆ చిరాకు భరించడం ఏ లెక్కలోనూ కనబడని బరువు. కుంగుబాటు, ఆందోళన వల్ల ప్రపంచవ్యాప్తంగా ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంతదాకా రాకముందే ఇచ్చే ఒక రోజుకు లెక్కలు వేసేవాళ్లు దాన్ని కూడా చూడాలి.

సెలవు మంజూరు చేసే స్థానంలో ఉన్నవారికి ఒక మాట. కారణం అడగకండి. "సరే, తీసుకోండి, ఫలానా పని నేను చూసుకుంటాను" అంటే చాలు, అందులో రెండో సగమే ముఖ్యం. ఆ రోజు వాళ్లకు ఫోను చేయకండి, "రేపు చూడవచ్చు" అని రాసి కూడా సందేశం పంపకండి. మీరు రేపు అన్నా చదివేది ఇవాళే. పని వేళల తర్వాత ఉద్యోగి అందుబాటులో లేకుండా ఉండే హక్కు గురించి 2017 జనవరి 1 నుంచి ఫ్రాన్సులో పెద్ద సంస్థలు ఉద్యోగ సంఘాలతో చర్చించవలసిందే. చట్టం లేని చోట ఒక మంచి పైఅధికారి తన బృందం వరకూ ఆ పని చేయవచ్చు. అన్నిటికంటే బలంగా పనిచేసేది మరొకటి ఉంది. మీరు కూడా అప్పుడప్పుడు అటువంటి సెలవు తీసుకోండి, తీసుకున్నట్టు చెప్పండి. పైవారు చేసి చూపనిది కిందివారు ధైర్యంగా చేయరు. ఈ విషయంలో పిల్లలు పెద్దల కంటే ముందున్నారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో విద్యార్థులే పట్టుబట్టడంతో, మానసిక ఆరోగ్యం కోసం బడి మానితే దాన్నీ జబ్బు చేసి మానినట్టే పరిగణించాలని 2019లో చట్టం వచ్చింది.

ఇంతా చెప్పాక, ఒక రోజు సెలవు ఏం చేయలేదో కూడా చెప్పాలి. అది చెడ్డ ఉద్యోగాన్ని మంచిది చేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో 'బర్న్‌అవుట్'ను జబ్బుగా కాక, పనిచేసే చోట దీర్ఘకాలం సాగిన ఒత్తిడిని సరిగా సంబాళించకపోవడం వల్ల తలెత్తే స్థితిగా చేర్చారు. శక్తి హరించుకుపోవడం, పని మీద ఏవగింపు, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నామన్న భావన దాని లక్షణాలు. దీన్ని దశాబ్దాలుగా పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ కారణాలను మనిషి బలహీనతలో కాక పనిభారంలో, నిర్ణయాధికారం లేకపోవడంలో, గుర్తింపు కరువులో, అన్యాయంలో వెతకమన్నారు. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. అటువంటి పనివేళలు అలాగే ఉంచి, ఏడాదికొక 'ఆరోగ్య దినం' ప్రకటించి చేతులు దులుపుకునే సంస్థల్ని చూస్తే నాకు కోపం వస్తుంది. సెలవు రోజున తల కాస్త తేటపడితే, ఈ ఉద్యోగంలో ఇంకా ఎంతకాలం ఉండాలన్న ప్రశ్న కూడా ఎదురు కావచ్చు. దాన్ని తరిమేయకండి.

జబ్బుకు కూడా అది మందు కాదు. దిగులు రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా ఉంటున్నా, ఇష్టమైనవి కూడా రుచించడం మానేసినా, నిద్రా ఆకలీ తారుమారైనా డాక్టరును కలవాలి. బతకడం దండగన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సెలవు గురించి ఆలోచించవద్దు, ఆ క్షణమే నమ్మకమైన మనిషికి చెప్పి వైద్యసాయం తీసుకోవాలి. ఇక్కడ వాదనకు తావు లేదు.

చివరగా, సెలవు పెట్టడానికి ఎవరికి అర్జీ ఇవ్వాలో కూడా తెలియనివాళ్ల గురించి. మా అక్క తన అత్తగారిని చూసుకుంటోంది. పక్షవాతం వచ్చి ఆవిడ మంచం పట్టారు. ఒత్తిగిలించడం, శుభ్రం చేయడం, వేళకు మందులు వేయడం, రాత్రి దగ్గు వినబడితే లేవడం, అన్నీ అక్కే. ఆఫీసు ఉన్నవారికి కనీసం హాజరు పట్టిక ఉంది. అక్కకు అదీ లేదు. బయట చప్పుడైనా ఆమె చెవి ఆ గది వైపే ఉంటుంది, నాతో మాట్లాడుతున్నా సరే. "ఒక రోజు ఎక్కడికైనా వెళ్లక్కా" అని నేనన్నప్పుడు "నేను వెళితే ఆవిడకు ఎవరు చేస్తారు?" అంది. అది వాదన కాదు, నిజంగానే వేసిన ప్రశ్న. దానికి జవాబు మా దగ్గరే ఉండాలని అప్పుడు అర్థమైంది. విశ్రాంతి తీసుకోమని సలహా ఇవ్వడం ఎంతసేపు? ఆ రోజు ఆ మంచం పక్కన కూర్చునే మనిషిని చూపించాలి.

బావ, నేను కూర్చుని మాట్లాడుకున్నాం. నెలలో ఒక రోజు మా ఇద్దరిదని అనుకున్నాం. మందుల పేర్లు, వేళలు, ఏ పక్కకు ఎంతసేపు పడుకోబెట్టాలి, ఆవిడ చేయి ఎత్తి చూపిస్తే ఏం అడుగుతున్నట్టు, డాక్టరు నంబరు, అన్నీ అక్క చెబుతుంటే బావ పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. అంతకాలం ఆ ఇంట్లోనే ఉంటున్నా వాటిలో సగం ఆయనకు కొత్త. మొదటిసారి అక్క వీధి దాటకముందే ఫోను చేసింది, ఆ తర్వాతా చేస్తూనే ఉంది. మేం ఏమీ అనలేదు. ఇలా కొన్ని నెలలు గడిచాక ఒక రోజు చీకటి పడే వేళ ఒక్కసారే ఫోను చేసి, రావడానికి ఇంకో గంట పడుతుంది, రాత్రి మందు మీరు వేయగలరా అని అడిగింది. కాగితం చూడకుండానే వేస్తానని బావ చెప్పాడు.